పెన్సిలుతో రాసిన మూడు అంకెలు

లాండ్రీ వెనక గది,
ఆదివారం పొద్దున

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మడు వాళ్ళ అమ్మ రాయునది. నువ్వు బాగున్నావని తలుస్తాను. నా సంగతి అడక్కు.

నీ అసలు పేరు నాకు తెలుసు. కానీ అది రాస్తే ఎవరో పరాయి పిల్లకి రాసినట్టుంటుంది. మా అమ్మడు ఫోనులో ఎప్పుడూ "పిచ్చుక ఇలా అంది, పిచ్చుక అలా మూతి తిప్పుకుంది" అనేది. నాకు నువ్వు పిచ్చుకవే. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. ఏడుపొచ్చి పెట్టేశాను. చేతికైతే ఏడుపు రాదు కదా, దాని పాటికి అది రాసుకుపోతుంది. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకో.

హాస్టలు నుంచి పెట్టె వచ్చి రెండు నెలలయింది. నిన్ననే తెరిచాను. బట్టలు పొందిగ్గా మడత పెట్టి ఉన్నాయి. నువ్వే పెట్టి ఉంటావు. ఇస్త్రీ చేసేదాని కడుపున పుట్టి కూడా అదెప్పుడూ బట్టలు ఉండ చుట్టి పడేసేది.

బట్టల కింద ఒక అట్ట గొట్టం, అందులో గాజు థర్మామీటరు. దాని కింద ల్యాబు నోటుబుక్కు. పిల్ల రాత చూసి చాలాసేపు తెరవలేకపోయాను. తెరిచాక ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అప్పట్నించీ అక్కడే ఉన్నాను.

ఆ పేజీలో గీతలు కొట్టి రెండు వరసలు రాసింది. మొదటి వరసలో 0, 5, 10, 15, 20, 25, 30. పక్క వరసలో 41.0, 40.4, 39.9, 39.4, 38.9, 38.5, 38.1. ఆ కింద పెన్సిలుతో ఇంకో మూడు అంకెలు.

ఆసుపత్రిలో మంచం కాళ్ళ దగ్గర ఇలాంటి కాగితమే వేలాడదీశారు. ముప్ఫై ఏడు దాకా ఫర్వాలేదు, దాటితే జ్వరమని నర్సమ్మ చెప్పింది. అయితే పిచ్చుకా, ఐదో తారీఖు, పదో తారీఖు, పదిహేనో తారీఖు, ఇలా నెలంతా నా బిడ్డ జ్వరంతోనే ఉందా? థర్మామీటరు కొనుక్కుని, చూసుకుని, రాసుకుని, నాకు చెప్పకుండా దాచుకుందా?

"ఒక్కరోజు ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమమ్మా" అన్నాడు డాక్టరు. ఒక్కరోజు. ఆ మాట నాకు అన్నం తినేటప్పుడు వినిపిస్తుంది, ఇస్త్రీ చేసేటప్పుడు వినిపిస్తుంది. జ్వరం ఎప్పుడు మొదలైందో నాకు తెలియాలి. ఒకే గదిలో ఉన్నదానివి, నీకు తెలియకుండా ఉండదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇట్లు,
అమ్మడు వాళ్ళ అమ్మ


హాస్టలు, రెండో అంతస్తు, చివరి గది,
బుధవారం

అమ్మగారికి,

పిచ్చుక నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. ముందు ఒక మాట చెప్పేస్తాను, మీరు ఊపిరి పీల్చుకోండి. అవి తారీఖులు కావు, నిమిషాలు. ఆ పేజీలో ఉన్నది జ్వరం కాదు, కప్పులో నీళ్ళ వేడి.

మాకు థర్మోడైనమిక్స్ అని ఒక పాఠం ఉంది. వేడి ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుంది, ఎంత పోతుంది అని లెక్క కట్టడం. దానికి పెద్ద యంత్రమేమీ లేదు. రెండు థర్మోకోల్ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, పైన మూత, మూతకి బెజ్జం, బెజ్జంలో థర్మామీటరు. కెలోరీమీటరు అంటారు గానీ అమ్మడు దాన్ని "అత్తాకోడళ్ళ కప్పు" అనేది. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, లోపలి వేడి బయటికి పొక్కనివ్వవు అని. క్లాసంతా ఆ పేరే పడిపోయింది. ఒకరోజు సారు కూడా నోరు జారి అదే మాట అన్నారు.

ఆ రోజు అరవై డిగ్రీల నీళ్ళు సగం, ఇరవై ఆరు డిగ్రీల నీళ్ళు సగం కలిపాం. లెక్క ప్రకారం నలభై మూడు రావాలి. వచ్చింది నలభై ఒకటి. "ఆ రెండు డిగ్రీలూ దొంగ కప్పు తినేసింది, దీని కడుపు మాడ" అంది. తర్వాత ఐదేసి నిమిషాలకి ఎంతెంత దిగుతుందో రాసుకుంది. గంట దాకా చూడాలి. గళ్ళు కూడా అరవై దాకా గీసింది. అరగంటకే ల్యాబు మూసేశారు. అందుకే ఆ గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

కప్పులో నీళ్ళని వ్యవస్థ అంటాం. గది, గాలి, బల్ల, మేము, మిగతాదంతా పరిసరాలు. వ్యవస్థ వేడి పోగొట్టుకుంటే ముందు మైనస్ గుర్తు పెడతాం. మైనస్ అంటే లేకుండా పోయిందని కాదమ్మగారూ, ఇక్కణ్ణించి బయటికి వెళ్ళిందని. ఇక్కడ ఎంత మైనసో పరిసరాలకి అంత ప్లస్సు.

థర్మామీటరు కూడా జ్వరానికి కొన్నది కాదు, ల్యాబుకి అందరం కొనుక్కున్నాం. మీరు నిశ్చింతగా పడుకోండి.

ఇట్లు,
పిచ్చుక


లాండ్రీ వెనక గది,
సెలవు రోజు

చిరంజీవి పిచ్చుకకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు. దుప్పట్లు కొండలా వచ్చి పడ్డాయి, తల ఎత్తలేదు.

నెలంతా జ్వరం లేదన్నావు. బిడ్డ అంతకాలం బాధపడలేదని సంతోషించాలి. సంతోషించాను కూడా. మరి నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలియదు. కళ్ళు మూస్తే ఒళ్ళు బరువుగా ఉంటుంది. లేస్తే ఇంకా బరువు. అది వేరే సంగతిలే.

నోటుబుక్కు రోజుకో పేజీ చదువుతున్నాను. చదవడమంటే ఏముంది, అక్షరాలు కూడబలుక్కోవడం. పక్కన మడతలు పెట్టే అక్క చూసి "ఏమే, కాలేజీలో చేరతావా ఏంటి ఈ వయసులో? యూనిఫాం నేను ఇస్త్రీ చేస్తాలే" అంది. దాని నోటికి తాళం లేదు. కానీ పెట్టె వచ్చినరోజు దాన్ని మోసుకొచ్చి గదిలో పెట్టింది అదే.

నీ వ్యవస్థ, పరిసరాలు నాకు అర్థమయ్యాయి. నేను ఇస్త్రీ చేసిన దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. పైది వెంటనే చల్లారుతుంది. నడిమిది మాత్రం మధ్యాహ్నం దాకా వెచ్చగా ఉంటుంది. చలిరోజుల్లో అమ్మడు చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ దొంతరలో చేతులు దూర్చి కూర్చునేది. దొంతర వ్యవస్థ. దాని చేతులు పరిసరాలు. అవునా?

ఒకచోట "వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు" అని రాసి రెండుసార్లు గీత కొట్టింది. ఇంకోచోట "రెండో నియమం" అని రాసి చుట్టూ డబ్బా కట్టింది. ఆ రెండూ నాకు తెలిసేలా చెప్పు. చదివి నేనేం ఉద్ధరిస్తానని కాదు. అది డబ్బా కట్టినదాన్ని నేను తెలుసుకోకుండా ఉండలేను.

నీ చదువెలా ఉంది? తింటున్నావా?

ఇట్లు,
అమ్మడు వాళ్ళ అమ్మ


హాస్టలు, రెండో అంతస్తు, చివరి గది,
సాయంత్రం

అమ్మగారికి,

దొంతర సంగతి మా సారుకి చెప్పాను. "ఆవిడ సరిగ్గా చెప్పారు, మీ క్లాసులో సగం మందికి ఈ మాత్రం కూడా తెలియదు" అన్నారు.

ఉష్ణోగ్రత అంటే థర్మామీటరు చూపించే అంకె. వేడి అంటే, వెచ్చటి దాన్నుంచి చల్లటి దానికి వెళ్తున్నది. దీని దగ్గర ఇంత వేడి ఉంది అనకూడదు, వెళ్ళేటప్పుడే దాన్ని వేడి అనాలి. "వేడి ఉండేది కాదు, వెళ్ళేది" అని అమ్మడు ఒక్క ముక్కలో చెప్పేది.

రెండో నియమం మీకు పుట్టినప్పట్నించీ తెలిసినదే. వేడి తనంతట తాను వెచ్చటి దాన్నుంచి చల్లటి దానికే వెళ్తుంది. బల్ల మీద వదిలేసిన టీ చల్లారుతుంది. గది ఎంతో అంత అయ్యేదాకా దిగుతుంది. అక్కడితో ఆగుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే మళ్ళీ వేడెక్కడం ఎక్కడా, ఎప్పుడూ జరగదు. జరిగిందని ఎవరైనా రాస్తే ఆ రాసినవాళ్ళు తప్పు, లేదా అబద్ధం.

నా చదువు అడిగారు. ఈ థర్మోడైనమిక్స్ పరీక్షే నేను తప్పాను. అమ్మడు నా ముందు బెంచీలో కూర్చుని రాసింది. నేను దాని వీపు చూస్తూ కూర్చుని తెల్ల కాగితాలు ఇచ్చి వచ్చాను. రెండు నెలల్లో మళ్ళీ రాయాలి. రాయనేమో. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఆగవు. తింటున్నాను, మీరు దిగులు పడకండి.

ఇట్లు,
పిచ్చుక


లాండ్రీ వెనక గది

అమ్మాయికి,

ఆ పేజీలో ఉన్నది కప్పులో నీళ్ళ వేడే అన్నావు. మొదటి ఉత్తరంలోనే కింద పెన్సిలు అంకెలు మూడున్నాయని రాశాను. వాటి ఊసు నువ్వెత్తలేదు. నేనూ వదిలేశాను.

నీ రెండో ఉత్తరం చదివాక మళ్ళీ తీసి చూశాను. పైన అంకెలన్నీ దిగుతున్నాయి. నలభై ఒకటి, నలభై, ముప్ఫై తొమ్మిది. కప్పు చల్లారుతోంది, సరే. పెన్సిలు అంకెలు 38.4, 38.9, 39.6. ఇవి ఎక్కుతున్నాయి.

బల్ల మీద వదిలేసిన నీళ్ళు వాటంతట అవి వేడెక్కవని చెప్పింది నువ్వే. ఎవరైనా రాస్తే అబద్ధమని కూడా నువ్వే రాశావు.

ఇంకొకటి. మా అమ్మడు తొమ్మిదికి తోక వంకర తిప్పుతుంది, ఒకటో తరగతి నుంచీ అంతే, టీచరు కొట్టినా మానలేదు. పెన్సిలు తొమ్మిదికి తోక తిన్నగా ఉంది. నువ్వు కవరు మీద రాసే పిన్‌కోడులో తొమ్మిది లాగా.

చదువు లేనిదానినని నన్ను కప్పులతో మరిపించావు. ఇప్పుడు చెప్పు.

అమ్మడు వాళ్ళ అమ్మ


హాస్టలు, రెండో అంతస్తు, చివరి గది

అమ్మా,

ఇన్నాళ్ళూ గారు అని రాశాను. ఇవాళ అలా రాయబుద్ధి కావడం లేదు. మీరు తిట్టినా సరే, అమ్మా అనే రాస్తాను.

అవి నేను రాసినవే. అవి జ్వరమే.

పరీక్ష మంగళవారం. ఆదివారం సాయంత్రం దానికి ఒళ్ళు వెచ్చబడింది. జ్వరం చూసేది మా దగ్గర లేదు. ల్యాబు థర్మామీటరు తీసింది. అది మామూలుదానిలా కాదు, బయటికి తీయగానే దిగిపోతుంది. చంకలో ఉండగానే చూడాలి. అది పడుకుని చెయ్యెత్తింది, నేను వంగి చూసి 38.4 అన్నాను. "ప్రయోగం చేస్తే రాయాలి కదే, రాయి" అని నవ్వింది. ఎదురుగా అదే పేజీ తెరిచి ఉంది. నేను పెన్ను తీస్తే వద్దంది. "పెన్సిలుతో రాయి పిచ్చుకా. తగ్గాక చెరిపేద్దాం."

ల్యాబు పుస్తకంలో పెన్సిలు వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద రాసింది కనిపించాలి. చెరపడానికి వీల్లేదు. అది మాకు మొదటిరోజు చెప్పిన మాట. అయినా పెన్సిలే తీశాను.

"అమ్మకి చెప్పనా?" అన్నాను. "నోరెత్తావంటే చూడు. చెబితే ఇస్త్రీ పెట్టె వదిలేసి బస్సెక్కేస్తుంది. నాలుగు మాత్రలేసుకుంటే అదే పోతుంది" అంది. మీ నంబరు నా ఫోనులో ఉంది. సోమవారం పొద్దున 38.9. చెప్పలేదు. మంగళవారం పొద్దున 39.6. వణుకుతోంది. "పద, ఆసుపత్రికి పోదాం" అన్నాను. "మూడు గంటలే కదే, రాసేసి పోదాం" అంది. నేను సంచీ మోసుకుంటూ పరీక్ష హాలు దాకా తీసుకెళ్ళాను, ఆసుపత్రికి కాదు. రాసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. తర్వాతది మీకు తెలుసు.

డాక్టరు చెప్పిన ఆ ఒక్కరోజు నా దగ్గరే ఉంది. నా ఫోనులో ఉంది. అది చెప్పలేక కప్పుల కథంతా రాశాను. కప్పులు నిజమే. కానీ వాటి వెనక దాక్కున్నాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. పరీక్ష రాయను. ఇంటికి వెళ్ళిపోతాను.

పిచ్చుక


లాండ్రీ వెనక గది,
సెలవు రోజు, సాయంత్రం

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇంటికి వెళ్ళిపోయావో ఏమో, ఇది నీకు చేరాలని దండం పెట్టి రాస్తున్నాను.

మొదట నిన్ను తిట్టాను. గట్టిగానే తిట్టాను, మడతల అక్క విని బయటికి వెళ్ళిపోయింది. రెండు ఉత్తరాలు రాసి చింపాను. మూడోదానికి తిట్లు అయిపోయాయి. తిట్లయిపోయాక నా మాట ఒక్కటే మిగిలింది. అది నీకు చెప్పకపోతే నువ్వు పెన్సిలుతో రాసినదానికీ నేను చేసినదానికీ తేడా లేదు.

సోమవారం మధ్యాహ్నం అది నాకు ఫోను చేసింది.

నీకు చెప్పినట్టు లేదు. చెప్పకుండా దాచుకుంది, ఎవరి పరువు కాపాడదామనో. నేను దుప్పటి పరిచి ఉన్నాను, ఒక చేతిలో ఇస్త్రీ పెట్టె, భుజానికీ చెవికీ మధ్య ఫోను. "అమ్మా, ఒళ్ళు వెచ్చగా ఉంది. వచ్చేయనా?" అంది. "వేడి చేసి ఉంటుందిలే. నీళ్ళు బాగా తాగు. రేపు పరీక్ష పెట్టుకుని ఎక్కడికొస్తావు, రాసి రా" అన్నాను. అది నవ్వింది. "వేడి చేయడమనే మాట మా పుస్తకంలో లేదమ్మా" అంది. "మీ పుస్తకంలో లేకపోతే మా ఇంట్లో ఉంది, పెట్టెయ్, దుప్పటి మాడుతుంది" అని పెట్టేశాను.

దుప్పటి మాడలేదు.

నువ్వు చెప్పి ఉంటే నేను పరిగెత్తుకొచ్చేదాన్నని అనుకుంటున్నావు. నాకు అదే చెప్పిందే పిచ్చిదానా. దాని నోటితోనే చెప్పింది. నేను రాలేదు. ఆ ఒక్కరోజు నీ ఫోనులో లేదు, నా చెవి కిందే ఉంది.

మొదటి ఉత్తరంలో నెలంతా జ్వరం ఉందా అని అడిగాను కదా. ఉందని నువ్వు రాయాలని నా మనసులో ఉంది. నెల్లాళ్ళ జ్వరమైతే నా ఒక్క మాట దాంట్లో కలిసిపోయేది. కాదని నువ్వు రాసిన రోజు నాకు నిద్ర అందుకే పట్టలేదు. బిడ్డ నెలంతా జ్వరంతో ఉండాలని కోరుకున్న తల్లిని చూశావా ఎక్కడైనా? నన్ను చూడు.

ఇక ఈ నోటుబుక్కు సంగతి. నీ పెన్సిలు అంకెల మీద పెన్నుతో దిద్దాను. మీ సారు చెప్పినట్టు చెరపలేదు. 38.9 పక్కన నా రాతతో రాశాను, "ఈ రోజు మధ్యాహ్నం అమ్మకి ఫోను చేసింది. అమ్మ విన్నది" అని. అది కూడా పెన్నుతోనే. చూసినవాళ్ళు చూడనీ.

ఇవాళ సెలవు. పొద్దున్నే రెండు థర్మోకోల్ కప్పులు తెచ్చి అత్తనీ కోడల్నీ కూర్చోబెట్టాను. మూతకి సూదితో బెజ్జం పెట్టాను. వేడినీళ్ళూ చన్నీళ్ళూ పోసి పోసి, అది వదిలేసిన 38.1 దగ్గరికి తెచ్చాను. దానికే గంట పట్టింది, ఒకసారి ఎక్కువయ్యేది, ఒకసారి తక్కువయ్యేది. తర్వాత ముప్ఫై అయిదో నిమిషం గడి నుంచి మొదలుపెట్టాను. గీతల మధ్యలో అంకె చూడాలంటే కళ్ళు లాగేస్తాయి. మడతల అక్క వచ్చి "నువ్వు చెప్పు, నేను రాస్తా" అని కూర్చుంది. దానికి అంకెలు తప్ప ఏమీ రావు. అంకెలే కదా కావలసింది. "ఈ కప్పు ముందు కూర్చోబెట్టి నా సెలవు తగలేశావే" అని సణుగుతూనే ఉంది, లేచి వెళ్ళలేదు.

అరవై దాకా నిండింది. అక్కడ ఆపబుద్ధి కాలేదు. స్కేలుతో ఇంకా గళ్ళు గీశాను. ఓపిక లేక అరగంటకోసారి చూశాం. మధ్యాహ్నం ఇద్దరం కునుకు తీశాం, రెండు గళ్ళు పోయాయి. వాటిని ఖాళీగా వదిలేశాను, దొంగ అంకెలు వేయలేదు. సాయంత్రానికి ఇరవై తొమ్మిది. థర్మామీటరు తీసి గాలిలో పెట్టి చూశాను, ఇరవై తొమ్మిది. మళ్ళీ కప్పులో పెట్టాను. అంతే. గది ఎంతో అదీ అంతే. ఇంక దిగలేదు. ఆ రెండు అంకెలూ పక్కపక్కనే రాయించి నోటుబుక్కు మూశాను. ఏడుపు రాలేదు. అలసటగా ఉంది, అంతే. మంచి అలసట అనను. కానీ పడుకుంటే నిద్రపట్టే అలసట.

పొద్దున ఆ కప్పులో ఉన్న వెచ్చదనమంతా ఈ గదిలోనే ఎక్కడో ఉండాలి, నువ్వు చెప్పిన లెక్క ప్రకారం. థర్మామీటరుకి తెలియదు. గది పెద్దది కదా.

నోటుబుక్కూ థర్మామీటరూ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నా దగ్గరుంటే నేను చదివేది ఆ ఒక్క పేజీయే. నీకైతే మిగతా పేజీలు పనికొస్తాయి. డబ్బా కట్టినవన్నీ ముందు చదువు, అది ఊరికే కట్టదు. పరీక్ష రాయి. దాని కోసం రాయమనడం లేదు, నీ కోసమే. దాని పరీక్ష అది రాసేసింది.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. పరీక్షనాడు పొద్దున నీకు ఒళ్ళు ఏ కాస్త వెచ్చగా ఉన్నా పరీక్ష రాయకు. పెన్సిలుతో రాసుకోకు. ఉత్తరం రాయకు. ఫోను చెయ్యి. వేడి చేసిందని అనను. ఇస్త్రీ పెట్టె ఆపేసి వస్తాను.

నీ
అమ్మ